విద్యార్థుల నడుమ ఒక గురువు
(పునీత ఆరవ పౌలు పోపుగారి తొలి పరిచర్య)

ఆరవ పౌలు పోపుగారి పేరు మన విశ్వాసులకు కొత్త కాదు. రెండవ వాటికన్ మహాసభను ముగింపుదాకా నడిపించిన పోపుగారు ఆయనే. 1964 డిసెంబరులో బొంబాయి నగరంలో జరిగిన అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభకు విచ్చేసి, భారతభూమిపై కాలు మోపిన మొట్టమొదటి పోపుగా చరిత్రకెక్కినదీ ఆయనే. మన తెలుగు సీమలో 1967లో కర్నూలు, 1976లో నల్లగొండ, కడప, ఏలూరు మేత్రాసనాలు ఏర్పడినది ఆయన పాలనలోనే. కనుక ఆయన మనకు దూరపువాడు కాదు.

అయితే ఆయన జీవితంలో మనలో చాలామందికి తెలియని అధ్యాయం ఒకటి ఉంది. పోపు కాకముందు, బిషప్పు కాకముందు, ఇంకా ముప్పై ఏళ్లయినా నిండని వయసులో, ఆయన కళాశాల విద్యార్థుల గురువు. దాదాపు పదేళ్లపాటు వారి సమావేశాలే ఆయన విచారణ, వారి ప్రశ్నలే ఆయన మంద. ఆ పదేళ్ల సేవ పైకి చూస్తే ఓటమిగా ముగిసింది. అది నిజంగా ఓటమేనా అన్నది తెలుసుకోవాలంటే ఆయన జీవితాన్ని మొదటినుండి చూడాలి. శతాబ్ది సంబరం జరుపుకుంటున్న ఏ మేత్రాసనానికైనా ఈ కథ ఒక పాఠమని నమ్మి దీనిని పాఠకుల ముందుంచుతున్నాను.

బ్రెషా బిడ్డ

ఉత్తర ఇటలీలో బ్రెషా అనే నగరం ఉంది. దాని చెంతనున్న కొన్చేజియో గ్రామంలో 1897 సెప్టెంబరు 26న జొవాన్ని బత్తిస్త మొంతీని జన్మించారు. స్నాపక యోహాను పేరు పెట్టుకున్న బిడ్డ అన్నమాట. తండ్రి జోర్జియో మొంతీని న్యాయవాది, స్థానిక కతోలిక దినపత్రికకు సంపాదకులు. తరువాత పార్లమెంటు సభ్యులు కూడా అయ్యారు. తల్లి జుదిత్త అల్గీసి భక్తురాలు. ముగ్గురు అన్నదమ్ములలో ఈయన రెండవవాడు. అన్న లొదొవీకో రాజకీయాలలో ప్రవేశించారు. తమ్ముడు ఫ్రాంచెస్కో వైద్యుడయ్యారు.

ఆ యింట భోజనాల బల్లవద్ద ప్రార్థనా వినిపించేది, దేశ రాజకీయాలూ వినిపించేవి. విశ్వాసం గుడి గోడల మధ్య ఆగిపోయేది కాదని, పత్రికలోనూ న్యాయస్థానంలోనూ శాసనసభలోనూ దానికి పని ఉందని ఆ పిల్లవాడు పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. తండ్రిని చూసి నేర్చుకున్నాడు.

ఆరోగ్యం మాత్రం చిన్ననాటి నుండి అంతంతమాత్రం. యేసుసభ గురువుల పాఠశాలలో చేరినా చాలాకాలం ఇంటివద్దనే చదువుకోవలసి వచ్చింది. గురువిద్యాలయంలో చేరిన తరువాత కూడా ఇంటనుండి వెళ్లి చదువుకొనే అనుమతి ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తోటి యువకులు సైన్యంలోకి వెళ్లగా, ఆయన బలహీనతవల్ల మినహాయింపు పొందారు. స్నేహితులు యుద్ధరంగంలో ఉండగా తాను ఇంట ఉండవలసి రావడం యువకుడైన ఆయనకు భారమే అయి ఉంటుంది. 1918లో ఆంద్రెయా త్రెబెస్కి అనే మిత్రునితో కలిసి విద్యార్థుల కోసం ఒక చిన్న పత్రిక ప్రారంభించారు. దానికి వారు పెట్టిన పేరుకు ఇటాలియన్ భాషలో వడిసెల అని అర్థం. గొల్యాతుపై దావీదు విసిరిన వడిసెల మనకు గుర్తుకురాక మానదు. ఆయుధం చిన్నదే. గురి మాత్రం పెద్దది.

1920 మే 29న బ్రెషాలో గురుపట్టం పొందారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

రోమునగరంలో

బిషప్పుగారు ఆయనను పైచదువులకు రోముకు పంపారు. అక్కడ పెద్దల దృష్టి ఆయనపై పడింది. వాటికన్ రాయబార సేవకు తర్ఫీదునిచ్చే విద్యాలయంలో చేర్చారు. 1923లో పోలండు రాజధాని వార్సాకు, పోపు రాయబారి కార్యాలయంలో పనిచేయడానికి పంపారు. కొద్ది నెలలకే అక్కడి చలికి ఆరోగ్యం తట్టుకోలేదు. తిరిగి రోముకు రావలసి వచ్చింది. 1924లో వాటికన్ రాజ్య కార్యదర్శి కార్యాలయంలో చిన్న ఉద్యోగిగా చేరారు.

పగలంతా దస్త్రాలు, లేఖలు. ఆ పని ఒక్కటే అయితే ఆయన మంచి అధికారిగా ఎదిగి ఉండేవారేమో. కాని 1923 చివరలో ఆయనకు మరొక బాధ్యత కూడా అప్పగించారు. రోమునగరంలోని కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థుల సంఘానికి ఆత్మీయ గురువుగా ఉండడం ఆ బాధ్యత. సాయంత్రాలు, ఆదివారాలు, సెలవులు ఇక ఆ పిల్లలవే అయిపోయాయి.

ఏటేటా కలుసుకొనే కుటుంబం

ఆనాటి పరిస్థితి కొంత చెప్పాలి. ఇటలీలో 19వ శతాబ్దం చివరి భాగంలో రాజ్యానికీ శ్రీసభకూ సత్సంబంధాలు లేవు. విశ్వవిద్యాలయాలలో విశ్వాసాన్ని పాతకాలపు మూఢత్వంగా చూసే ఆచార్యులు ఎందరో ఉండేవారు. పల్లెనుండి, చిన్న పట్టణం నుండి చదువుకోసం వచ్చిన కతోలిక యువకుడు తరగతిలో ఒంటరివాడు. వాడి విశ్వాసం మొదటి ఏడాది గడవకముందే చల్లారిపోయేది. ఈ ఒంటరితనానికి జవాబుగా 1896లో ఇటలీ కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాఖ్య ఏర్పడింది. ఇటాలియన్ భాషలో దాని పొట్టిపేరు ఫూచి.

విద్యాపీఠాలున్న ప్రతి నగరంలోనూ దానికి శాఖలు ఉండేవి. ఏడాదికొకసారి ఏదో ఒక నగరంలో జాతీయ మహాసభ జరిగేది. ఉత్తరాది నుండి, దక్షిణాది నుండి, ద్వీపాల నుండి విద్యార్థులు రైళ్లెక్కి వచ్చేవారు. కలిసి దివ్యబలిపూజలో పాల్గొనేవారు. ఒక ప్రధానాంశంపై ఉపన్యాసాలు వినేవారు. వాదించుకునేవారు. తీర్మానాలు చేసుకునేవారు. తాను ఒక్కడినే కానని, తనవంటివారు దేశమంతటా ఉన్నారని తెలుసుకొని ఇంటికి వెళ్లేవారు. ఆ తెలివిడే వారిని మరుసటి ఏడాదిదాకా నిలబెట్టేది. తన కాలేజీలో తానొక్కడే విశ్వాసిగా మిగిలిన విద్యార్థికి దాని విలువ బాగా తెలుస్తుంది.

ఇటువంటి ఉద్యమాలు ఒక్క ఇటలీకే పరిమితం కాలేదు. 1921లో స్విట్జర్లాండులోని ఫ్రీబూర్ నగరంలో పలు దేశాల కతోలిక విద్యార్థి సంఘాలు కలిసి, పాక్స్ రోమానా పేరిట అంతర్జాతీయ సంస్థను ఏర్పరచుకున్నాయి. ఒక మహాయుద్ధంలో పరస్పరం చంపుకున్న దేశాల బిడ్డలు ఒకే బల్లవద్ద కూర్చున్నారు. మన దేశంలో 1924లో మద్రాసులో విద్యార్థుల మధ్య మొదలైన కృషి తరువాత అఖిల భారత కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థి సమాఖ్యగా పెరిగి, మన కళాశాలలకూ చేరింది. ఒకే కాలంలో పలుచోట్ల ఒకే అవసరాన్ని శ్రీసభ గుర్తించిందన్నమాట.

ఇద్దరు యువకులు

1925లో ఫూచికి కష్టకాలం వచ్చింది. ముస్సోలినీ అప్పటికి మూడేళ్లుగా అధికారంలో ఉన్నాడు. ఆ ఏడాది నియంతృత్వం పూర్తిగా స్థిరపడింది. ఆ ఏటి బొలోఞా మహాసభ వివాదాలకు దారితీసింది. సమాఖ్య నాయకత్వాన్ని మార్చాలని పదకొండవ పియూసు పోపుగారు నిశ్చయించారు. ఈజీనో రిగెత్తి అనే న్యాయశాస్త్ర విద్యార్థిని అధ్యక్షునిగా, మొంతీని గురువుగారిని జాతీయ ఆత్మీయ గురువుగా నియమించారు. గురువుగారి వయసు 28. అధ్యక్షుని వయసు 21. వారిని ఎన్నుకున్నది విద్యార్థులు కాదు. పైనుండి వచ్చిన నియామకం కనుక విద్యార్థులలో కొందరు నొచ్చుకున్నారు. అనుమానపు చూపుల మధ్యనే ఇద్దరూ పని మొదలుపెట్టారు.

మరుసటి ఏడు 1926లో జాతీయ మహాసభ మసెరాత పట్టణంలో జరిగింది. అక్కడ ఫాసిస్టు దళాలు విద్యార్థులపై దౌర్జన్యానికి దిగాయి. ప్రార్థించడానికీ చర్చించడానికీ వచ్చిన పిల్లలపై కర్రలు లేచాయి. కొత్త నాయకులకు అది మొదటి మహాసభ. ఆ దెబ్బతో వారికి ఒక సంగతి అర్థమైంది. వీధిలో బలాబలాలు చూసుకుంటే నియంతదే గెలుపు. అతని చేయి చేరలేని చోట పోరాడాలి. ఆ చోటు మనిషి మనస్సాక్షి.

నాటినుండి ఆయన విద్యార్థులకు నేర్పింది ఊరేగింపులూ నినాదాలూ కాదు. చదువు, ప్రార్థన, ప్రేమ అనే మూడు. ఆ మూడింటినీ ఆయన వేరువేరుగా చూడలేదు.

చదువును గురించి ఆయన బోధ కొందరికి వింతగా తోచేది. విద్యార్థికి మొదటి పుణ్యకార్యం తన పాఠాన్ని నిజాయితీగా చదవడమే అన్నది ఆయన అభిప్రాయం. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం ప్రేమ అయినట్లే, సత్యాన్ని వెదకి దానిని ఇతరులకు అందించడం కూడా ప్రేమేనని ఆయన వ్యాసాలలో వివరించారు. విశ్వాసికి ప్రశ్నలంటే భయం అక్కరలేదని నేర్పారు. ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ మారితేన్ గ్రంథమొకదానిని తానే ఇటాలియన్ భాషలోకి అనువదించారు. అది 1928లో వెలువడింది. 1927లో రిగెత్తితో కలిసి స్తూదియుం అనే ప్రచురణసంస్థను స్థాపించారు. విద్యార్థుల మనస్సాక్షిని గూర్చి తాను రాసిన పుస్తకాన్ని 1930లో ప్రచురించారు.

ప్రార్థనలో ఆయన దైవార్చనకు పెద్దపీట వేశారు. పూజ జరుగుతుంటే ఎవరి జపం వారు చేసుకోవడం ఆనాటి వాడుక. పూజాప్రార్థనల భావం తెలుసుకొని, గురువుతో కలిసి ప్రార్థించడం ఆయన విద్యార్థులకు అలవాటు చేశారు. మనం ఇప్పుడు సహజమనుకునే ఈ పద్ధతి ఆనాడు కొందరు పెద్దలకు కొత్త పోకడగా కనిపించింది.

ఇక ప్రేమ విషయంలో, వారిని రోమునగర శివార్లలోని పేదల ఇళ్లకు తీసుకువెళ్లేవారు. న్యాయశాస్త్రం, వైద్యం చదివే బిడ్డలు పూరిగుడిసెల గడపలు తొక్కారు. తమ చదువు ఎవరికోసమో వారికి అక్కడ కళ్లకు కట్టింది.

సంఘాలకు తాళాలు

1931 మే నెలాఖరులో ముస్సోలినీ ప్రభుత్వం కతోలిక యువజన సంఘాలను, విద్యార్థి సంఘాలను రద్దు చేసింది. పోలీసులు కార్యాలయాలు మూసివేశారు. కాగితాలు పట్టుకుపోయారు. యువకుల మనసు మొత్తం రాజ్యానికే చెందాలని, మరెవరికీ అందులో భాగం ఉండరాదని నియంత కోరిక. పదకొండవ పియూసు పోపుగారు జూన్ 29 తేదీతో ఒక విశ్వలేఖను వెలువరించి దీనిని గట్టిగా ఖండించారు. సెప్టెంబరు 2న రాజీ కుదిరింది. సంఘాలు తిరిగి తెరుచుకున్నాయి. కాని వాటికి కట్టుబాట్లు ఎక్కువయ్యాయి. మత విషయాలకే పరిమితం కావాలన్నారు.

బయటివారి వేధింపు భరించడం ఒక ఎత్తు. సొంత ఇంటివారి అపనమ్మకం భరించడం మరొక ఎత్తు. రోమునగరంలోని కొందరు మతాధికారులకు మొంతీని గురువుగారి పద్ధతులు నచ్చలేదు. విద్యార్థులకు స్వేచ్ఛ ఎక్కువ ఇస్తున్నారని, పాత భక్తిపద్ధతులను తగ్గిస్తున్నారని గుసగుసలు బయలుదేరాయి. ఫిర్యాదులు వెళ్లాయి. 1933లో ఆయన ఫూచి బాధ్యతను వదులుకోవలసి వచ్చింది. కార్యాలయంలో పని పెరిగిందన్నది పైకి చెప్పిన కారణం. లోపలి కారణాలు ఆయనకు తెలుసు, విద్యార్థులకూ తెలుసు.

అప్పటికి ఆయన వయసు 35. తన యౌవనమంతా ధారపోసిన పని చేతిలోనుండి జారిపోయింది. పత్రికలకెక్కలేదు. తన పక్షాన విద్యార్థులను కూడగట్టలేదు. అలా చేసి ఉంటే ఎందరో ఆయన వెంట నిలిచేవారే. బాధను దిగమింగుకొని, దస్త్రాల ముందు కూర్చున్నారు. అయితే విద్యార్థులతో స్నేహం తెంచుకోలేదు. పట్టభద్రులైన పూర్వ విద్యార్థులకోసం రిగెత్తి ప్రారంభించిన ఉద్యమానికి వెనుకనుండి అండగా నిలిచారు. ఆ రిగెత్తి 1939 మార్చిలో, యౌవనంలోనే ప్రభువులో నిద్రించారు. రెండు చేతులలో ఒక చేయి తెగిపోయినట్లయింది.

విత్తనం ఎక్కడ మొలిచింది?

విత్తినవాడు కోత చూస్తాడన్న హామీ లేదు. అయినా మొంతీని గురువుగారికి ప్రభువు కొంత కోతను చూపించారు.

ఇటలీలోని తస్కనీ ప్రాంతపు అడవుల మధ్య కమాల్దోలి అనే పురాతన మఠం ఉంది. 1936 నుండి ఏటా వేసవిలో అక్కడ విద్యార్థులూ పట్టభద్రులూ వారంరోజులపాటు వేదశాస్త్ర అధ్యయనానికి కూడేవారు. నియంతృత్వం ఉన్న దేశంలో స్వేచ్ఛగా ఆలోచించడానికి మిగిలిన కొద్దిపాటి చోట్లలో అది ఒకటి. 1943 జులైలో అక్కడ కొందరు కతోలిక మేధావులు సమావేశమయ్యారు. యుద్ధం ముగిసిన తరువాత దేశం ఎలా ఉండాలి, కుటుంబం, శ్రమ, ఆస్తి, రాజ్యాధికారం న్యాయంగా ఎలా నడవాలి అని చర్చించారు. వారు అక్కడ ఉండగానే జులై 19న రోమునగరంపై బాంబులు పడ్డాయి. సమావేశం ముగిసిన మరునాడో మూడోనాడో, జులై 25న ముస్సోలినీ పతనమయ్యాడు. నియంత కూలేనాటికి, తరువాతి ఇంటికి పునాది గీతలు గీసినవారు సిద్ధంగా ఉన్నారు. 1946లో ఎన్నికైన రాజ్యాంగ సభలో ఫూచిలో పెరిగిన యువకులు కూర్చున్నారు. వారిలో ఆల్దో మోరో ఒకరు, జూలియో ఆంద్రెయొత్తి మరొకరు. ఇద్దరూ యుద్ధకాలంలో ఒకరి తరువాత ఒకరు ఫూచి అధ్యక్షులుగా పనిచేసినవారే. 1948 జనవరి 1న ఆ రాజ్యాంగం అమలులోకి వచ్చింది.

మరికొందరి కోత కన్నీటితో ముగిసింది. వడిసెల పత్రికను మొంతీనితో కలిసి నడిపిన ఆంద్రెయా త్రెబెస్కి న్యాయవాదిగా ఎదిగి, నాజీలను ప్రతిఘటించి, వారికి చిక్కి, 1945 జనవరిలో నిర్బంధ శిబిరంలో ప్రాణాలు విడిచారు. విద్యార్థి దశలో నేర్చిన మాటకు ఆయన చెల్లించిన వెల అది.

ఆ యుద్ధకాలంలో మొంతీని వాటికన్ కార్యాలయంలో ఉన్నత స్థానంలో ఉన్నారు. యుద్ధఖైదీల ఆచూకీ, తప్పిపోయినవారి ఆచూకీ కుటుంబాలకు తెలియజేసే విభాగాన్ని ఆయనే పర్యవేక్షించారు. ఆ ఏళ్లలోనే, 1943లో, తండ్రినీ తల్లినీ కొద్ది నెలల తేడాతో పోగొట్టుకున్నారు.

పీఠంపై పాత ఆత్మీయ గురువు

1954లో ఆయన మిలాను అగ్రపీఠానికి నియమితులయ్యారు. కర్మాగారాల నగరమది. 1957లో ఆ నగరమంతటికీ మూడు వారాల మహా సువార్త కార్యక్రమం నిర్వహించారు. శ్రీసభకు దూరమైనవారిని మందలించడానికి బదులు వారిని వెదకుతూ వెళ్లారు. 1958లో ఇరవైమూడవ యోహాను పోపుగారు ఆయనను కార్డినల్‌గా చేశారు. 1963 జూన్ 21న ఆయనే పోపుగా ఎన్నికై ఆరవ పౌలు అన్న పేరు ధరించారు.

పోపు అయిన తరువాత ఆయన రాసిన మొదటి విశ్వలేఖ 1964లో వెలువడింది. లోకంతో శ్రీసభ సంభాషించాలన్నది అందులో ముఖ్యాంశం. ఎదుటివానిని ఓడించడానికి కాక, అర్థం చేసుకొని సత్యాన్ని పంచుకోవడానికి మాట్లాడాలన్నది దాని సారం. ఈ పాఠం ఆయన ఎక్కడ నేర్చుకున్నారు? విద్యార్థుల గదులలో, వారి నిలదీసే ప్రశ్నల మధ్య అని నా నమ్మకం. అదే ఏడాది డిసెంబరులో బొంబాయిలో ఇతర మతాల ప్రతినిధులతో మాట్లాడుతూ, అసత్యం నుండి సత్యానికి నడిపించమని వేడుకొనే ఉపనిషత్ ప్రార్థనను ఆయన గౌరవంతో ప్రస్తావించారు. సత్యాన్ని వెదకేవాడు ఎవరైనా తన తోటి బాటసారి అని నమ్మినవారు అలాగే మాట్లాడుతారు.

1965 డిసెంబరు 8న వాటికన్ మహాసభ ముగింపునాడు లోకంలోని పలు వర్గాల ప్రజలకు సందేశాలు అందజేశారు. మేధావులకు ఉద్దేశించిన సందేశాన్ని పోపుగారి చేతినుండి అందుకున్నది జాక్ మారితేన్. 37 ఏళ్ల క్రిందట తన విద్యార్థులకోసం ఏ తత్త్వవేత్త గ్రంథాన్ని అనువదించారో ఆ వృద్ధుని చేతికే దానిని ఇచ్చారు. యువతకు కూడా ఆ రోజున ప్రత్యేక సందేశం వెలువడింది.

చివరి వేదన

ఆరవ పౌలు పోపుగారి జీవితంలో చివరి వేసవి అన్నిటికంటే చేదైనది. 1978 మార్చి 16న ఆల్దో మోరోను తీవ్రవాదులు రోములో అపహరించారు. ఆయన అంగరక్షకులు ఐదుగురిని చంపివేశారు. అప్పటికి మోరో ఇటలీ ప్రధానిగా పలుమార్లు పనిచేసిన నాయకుడు. ఆ రోజు ప్రధాని పదవిలో ఉన్నవారు ఆంద్రెయొత్తి. తీవ్రవాదులతో బేరమాడరాదని ప్రభుత్వం నిశ్చయించింది. చెరలో ఉన్న మోరో ప్రాణాలకోసం లేఖలు రాశారు. వాటికన్‌లో 80 ఏళ్ల పోపుగారు నిద్రలేని రాత్రులు గడిపారు.

ఈ ముగ్గురినీ ఒకసారి తలచుకోండి. ముగ్గురూ ఫూచి బిడ్డలే. ఒకరు చెరలో ఉన్నారు. ఒకరు ప్రభుత్వాన్ని నడుపుతున్నారు. ఒకరు పీఠంపై ఉన్నారు. ఒకే ఉద్యమంలో, ఒకే ప్రార్థనలో పెరిగినంత మాత్రాన కష్టకాలంలో అందరికీ ఒకే దారి కనిపిస్తుందని చెప్పలేము. విద్యార్థి సభలు మనిషికి దారిదీపం ఇవ్వగలవు గాని, వాని బదులు నడవలేవు.

ఏప్రిల్ 21న పోపుగారు తమ స్వహస్తంతో తీవ్రవాదులకు ఒక లేఖ రాశారు. మోరోను ఎటువంటి షరతులూ లేకుండా విడిచిపెట్టమని మోకాళ్లపై వేడుకున్నారు. లోకంలో ఎందరో రాజులూ అధ్యక్షులూ తన ముందు వంగగా చూసిన వృద్ధుడు, హంతకుల ముందు తానే వంగారు. ఫలితం లేకపోయింది. మే 9న మోరో మృతదేహం రోమునగర వీధిలో ఒక కారులో కనిపించింది. మే 13న లాతరాను పునీత యోహాను మహాదేవాలయంలో జరిగిన పూజకు పోపుగారు స్వయంగా వచ్చారు. తమ మొర వినని దేవునితో కీర్తనకారునివలె ఫిర్యాదుతో కూడిన ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో నిరాశ లేదు. ప్రభువు ముందు నిజం దాచని విశ్వాసం ఉంది. విద్యార్థులకు ఆయన నేర్పిన నిజాయితీ అదే.

మూడు నెలలు తిరక్కుండానే, 1978 ఆగస్టు 6న, ప్రభువు దివ్యరూపధారణ పండుగనాడు ఆయన కన్నుమూశారు. ఆడంబరమేమీ లేని చెక్కపెట్టెలో, దానిపై తెరచి ఉంచిన సువిశేష గ్రంథంతో, ఆయన కోరినట్లే నేలలోనే సమాధి చేశారు. 2014 అక్టోబరు 19న ధన్యులుగా, 2018 అక్టోబరు 14న పునీతులుగా ఫ్రాన్సిసు పోపుగారు ఆయనను ప్రకటించారు.

మనకు మిగిలిన ప్రశ్న

1933లో ఆయనను పంపివేసినవారు విద్యార్థులతో ఆయన గడిపిన కాలాన్ని వృథా అనుకొని ఉండవచ్చు. లెక్కకు వస్తే అక్కడ ఏముంది? కొన్ని మహాసభలు, కొన్ని పుస్తకాలు, కొన్ని గుడిసెల సందర్శనలు. గుడి కట్టలేదు, బడి కట్టలేదు. చూపించడానికి శిలాఫలకం ఒక్కటీ లేదు. కాని ఒక దేశం నియంతృత్వపు చీకటినుండి లేచి రాజ్యాంగం రాసుకున్న రోజున, ఆ సభలలో మోకరించినవారూ వాదించినవారూ అక్కడ ఉన్నారు. సార్వత్రిక శ్రీసభ లోకంతో మాట్లాడడం నేర్చుకున్న రోజున, ఆ మాటకు గొంతునిచ్చినది ఆ విద్యార్థుల పాత గురువే.

శతాబ్ది సంవత్సరంలో మనం కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్కపెట్టుకుంటాము. అది ఉచితమే. కన్నబిడ్డలను పస్తులుంచి వాటిని నిలబెట్టిన పెద్దలకు మనం రుణపడి ఉన్నాము. వాటితోపాటు మరొక లెక్క కూడా చూసుకోవలసి ఉంది. మన విచారణల నుండి ఏటా ఎందరో బిడ్డలు హైదరాబాదుకూ, విశాఖపట్టణానికీ, విజయవాడకూ, చెన్నైకీ, బెంగుళూరుకూ చదువులకు వెళ్తున్నారు. తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి, నగలు కుదువబెట్టి పంపుతున్నారు. వసతిగృహంలో ఆ బిడ్డ మొదటి రాత్రి నిద్రపోయేటప్పుడు వాని పేరు తెలిసిన గురువు ఆ నగరంలో ఎవరైనా ఉన్నారా? వానికి విశ్వాసంపై సందేహం కలిగితే, కసురుకోకుండా విని జవాబు వెదకేవారు ఉన్నారా? ఏడాదికొకసారైనా వాడు తనవంటివారిని కలుసుకొని, నేను ఒంటరిని కాను అని తెలుసుకొనే చోటు ఉందా?

ఇందుకు పెద్ద భవనాలు అక్కరలేదు. ఒక గది, ఒక బల్ల, కొన్ని పుస్తకాలు, ఓపికగల ఒక గురువు చాలు. సెలవుల్లో ఒక వారం, ఏడాదికొక సభ చాలు. ఫలితం వెంటనే కనబడకపోవచ్చు. నాటినవారిని మెచ్చుకోకపోగా తప్పుపట్టేవారూ ఉండవచ్చు. మొంతీని గురువుగారికి జరిగినది అదే.

పునీత ఆరవ పౌలుగారి వేడుదల వలన, మన మేత్రాసనపు రెండవ నూరేళ్లలో చదువుకొనే బిడ్డల చెంత కూర్చొనే గురువులను, వారిని నమ్మి అండగా నిలిచే పెద్దలను ప్రభువు మనకు సమృద్ధిగా అనుగ్రహించునుగాక. ఆమెన్.